రెండు రోజుల కాయ

మొన్న వెంకటలక్ష్మి మా ఇంటికి వచ్చింది, కూతురు దివ్యని వెంటబెట్టుకుని. వెంకటలక్ష్మిది ఆగిరిపల్లి పక్కన పల్లె. నేను అక్కడ టీచరుగా చేసిన రోజుల్లో నా దగ్గర చదువుకున్న పిల్లే. ఏడో తరగతితో చదువు ఆపేసి తల్లితోపాటు తోటల్లో కాయకోతకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని కూతురికి ఇరవై రెండేళ్ళంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. నూజివీడు వచ్చినప్పుడల్లా నన్ను చూడకుండా వెళ్ళదు, వట్టి చేతులతో రాదు. ఈసారి గోనెసంచీలో చిన్నరసాలు తెచ్చి గడప పక్కన పెట్టింది. ఇంకా పచ్చికాయలే. సంచీ మూతి విప్పగానే సొన వాసన గుప్పుమంది. అరవైకి దగ్గరపడుతున్నా ఆ వాసన తగిలితే నాకు ముందు మా అమ్మ చేతులు గుర్తొస్తాయి, మామిడికాయ ఆ తరవాతే.

దివ్యకి మస్కట్‌లో పని కుదిరిందట. ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకోవడం. కాగితాలన్నీ అయిపోయాయి, వెంకటలక్ష్మి ఊఁ అనడమే మిగిలింది. అది అనడం లేదు. అందుకే ఆ పిల్ల తల్లిని నా దగ్గరకి లాక్కొచ్చినట్టుంది. ఫోను తీసి నాకు చూపించింది. "ఇక్కడ హైదరాబాద్ అని, ఇక్కడ మస్కట్ అని కొడితే చాలండి టీచరుగారూ, దూరం, టైము రెండూ చెప్పేస్తుంది. మూడున్నర గంటలేనండి. మనం ఇక్కణ్ణుంచి హైదరాబాద్ బస్సులో వెళ్ళడానికి దానికి డబుల్ పడుతుంది. అమ్మకి ఎంత చెప్పినా బుర్రకెక్కట్లేదు." ఫోనులో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి నీలం గీత వంపుగా సాగి ఉంది. వెంకటలక్ష్మి ఆ గీత వంక చూడలేదు, నా మొహం వంక చూసింది. "అది చెప్పేది నిజమేనంటారా అండీ? మీరు చదువుకున్నోళ్ళు. మీరు దగ్గరేనంటే పంపించేస్తాను. కాదంటే మానేస్తాను" అంది.

మా అక్క రత్నం వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది. ఆ మాటకి చేట చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా ఈ ప్రశ్నే నలభై ఏళ్ళ కిందట, ఈ మస్కట్ గురించే, మా అమ్మ నన్నడిగింది.

మా అమ్మ మంగమ్మది తోటల్లో కాయ ఏరే పని. కోత కోసేవాళ్ళు వేరు, మోసేవాళ్ళు వేరు. గెడకి కట్టిన చిక్కంతో దింపిన కాయ చెట్టు కింద వరిగడ్డి మీదకి చేరాక అమ్మ పని మొదలయ్యేది. పొద్దు పొడవకముందే పమిటచెంగు నడుముకి దోపి, గడ్డి పక్కన మడమల మీద కూర్చునేది. ఒక్కో కాయనీ అరచేతిలోకి తీసుకుని, ముచ్చిక దగ్గర బొటనవేలు ఆనించి, ముక్కు దగ్గరకి ఒకసారి తెచ్చి కింద పెట్టేది. నొక్కేది కాదు. ఎవరైనా నొక్కితే ఊరుకునేదీ కాదు. "పిసక్కే, దానికి నెప్పెడుతుంది" అని కసిరేది. ఒక్కో కాయకి రెండు లెక్కపెట్టేంత సేపు పట్టేది, అంతే. తన ఎడమ పక్క ఒక కుప్ప, కుడి పక్క ఒక కుప్ప, ఎదురుగా ఒకటి. ఎదురుగా ఉన్నది బెజవాడ కాయ, రేపటికి పండుతుంది. కుడి పక్కది కలకత్తా కాయ, మూడు రోజులు ఓర్చుకుంటుంది. ఎడమది ఢిల్లీ కాయ, అయిదు రోజులు లారీలో కుదేసినా దిగేటప్పటికి పచ్చగానే ఉండాలి. తోటలు గుత్తకి తీసుకునే షావుకార్లు మా అమ్మ వేసిన కుప్పని మళ్ళీ తిరగేసి చూసేవాళ్ళు కాదు. చాట్రాయి వైపు తోటల వాళ్ళు కూడా కబురు పెట్టి పిలిపించుకునేవాళ్ళు. ఆవిడకి తెలిసిన దేశమంతా అదే, అన్ని ఊళ్ళూ కాయ పండటానికి పట్టే రోజుల్లోనే ఉండేవి. స్కూల్లో సోషల్ మాస్టారు గోడకి పటం వేలాడదీసి ఢిల్లీ దేశానికి రాజధాని అని చెబుతుంటే నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. మా ఇంట్లో ఢిల్లీ అంటే అయిదు రోజుల కాయ.

అక్క అమ్మ పక్కన కూర్చుని చెక్కపెట్టెల్లో గడ్డి పరిచేది. కాయ ఏరడం మాత్రం అమ్మ దానికి అప్పగించేది కాదు. "దీనికి అన్నీ తొందరే, కాయ చెప్పేదాకా ఆగదు" అనేది. నేను దగ్గరకి వెళితే పొమ్మనేది. "నీకెందుకే ఈ సొన? పుస్తకం తీసుకో." సెలవుల్లో సైతం నన్ను చెట్టు కింద కూర్చోనిచ్చేది కాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక చింతపండు పిప్పితో చేతులు తోముకునేది. ఎంత తోమినా మామిడికాలం వెళ్ళేదాకా ఆ వేళ్ళు నల్లగానే ఉండేవి. పెదవి మూల సొన కాలిన మచ్చ ఒకటి ఏడాది పొడుగునా ఉండేది. దెబ్బతిన్న కాయలు నాలుగు కొంగున కట్టి తెచ్చి పప్పులో వేసేది. ఆ పప్పు, ఆ వేళ్ళతో కలిపి పెట్టిన ముద్ద, మొదటి ముద్దలో కొంచెం తగిలే సొన వగరు. ఇప్పుడు నా వంటింట్లో మంచి కాయలే ఉంటాయి, ఆ వగరు రాదు.

నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అక్కకి పెళ్ళి చేస్తే, ఏడాది తిరక్కుండానే మొగుడు దాన్ని మా పాకలో దింపేసి వెళ్ళి మళ్ళీ మొహం చూపించలేదు. అక్క ఏడవలేదు గానీ తోటకి వెళ్ళినా ఎవరితోనూ మాట్లాడేది కాదు. అలాంటప్పుడు బాపులపాడు నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. మస్కట్‌లో ఇంటి పని, రెండేళ్ళకోసారి సెలవు అని చెప్పాడు. అక్క కళ్ళలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. నాకూ ఆశ పుట్టింది. నా ఆశ గురించి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మా క్లాసులో ఒక పిల్లకి వాళ్ళ పిన్ని గల్ఫు నుంచి మడత గొడుగు తెచ్చింది. మూడు మడతలు పడి పుస్తకాల సంచీలో ఇమిడిపోయేది. అలాంటిది నాకూ తెస్తానంది అక్క. పదో తరగతి చదివే పిల్లకి ప్రపంచంలో ఇంకేం కావాలి!

అమ్మ ఏజెంటుని ఒక్కటే అడిగింది. "ఎంత దూరమండీ అది?" వాడు నవ్వేశాడు. "దూరమేంటమ్మా, బొంబాయికి ఒక పగలూ ఒక రాత్రీ రైలు. అక్కడ విమానం ఎక్కితే మూడు గంటలు. అన్నం తినేలోపు దింపేస్తారు." అమ్మ వాణ్ణి నమ్మలేదు. షావుకార్ల మాటలు వినీ వినీ ఆరితేరిన మనిషి. వాడు వెళ్ళాక నన్ను పిలిచింది. "నీ పుస్తకంలో దేశాలన్నీ ఉంటాయి కదే, చూసి చెప్పు. నువ్వు చెబితే పంపిస్తాను."

అట్లాసు తీశాను. ఆసియా పటంలో మస్కట్ వెతికి పట్టుకుని పెన్సిలుతో చుట్టూ సున్నా చుట్టాను. అమ్మ కుట్టుపని డబ్బాలోంచి తెల్లదారం తెంపి, బెజవాడ దగ్గర ఒక కొస ఆనించి కలకత్తా దాకా లాగి అక్కడ ఒక ముడి వేశాను. తరవాత అదే దారం మస్కట్ వైపు తిప్పాను. ముడి బొంబాయి దాటీ దాటగానే ఆగిపోయింది. సముద్రం ఇంకా అటు చాలా ఉంది. మళ్ళీ అంత దారం పట్టింది, ఆ పైన ఇంకొంచెం పట్టింది. మస్కట్ కలకత్తాకి రెండింతల కంటే ఎక్కువ దూరమని నా చేతిలో దారం చెబుతూనే ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి "ఏంటే, ఎంతుంది?" అంది. నేను దారం అట్లాసులో పెట్టి మూసేశాను. "వాడు చెప్పింది నిజమేనమ్మా. రైలూ విమానమూ కలిపినా రెండు రోజులు నిండవు" అన్నాను. అబద్ధం కాదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

అమ్మ పొయ్యి ముందు వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. తరవాత ఆవిడ మొహం విప్పారింది. "అంటే రెండు రోజుల కాయ. కలకత్తా కంటే దగ్గరే అన్నమాట" అంది. ఆవిడ లెక్కలో అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. కలకత్తా నుంచి ఏటా లారీలు వచ్చేవి, వెళ్ళేవి. ఆ డ్రైవర్లు మా పాక ముందు కూర్చుని మజ్జిగ తాగేవాళ్ళు. వాళ్ళు అంత తేలిగ్గా వస్తూ పోతూ ఉంటే, వాళ్ళ కంటే దగ్గరగా ఉండే కూతురు రాలేకపోవడమేంటి? మర్నాడే అక్కని పంపడానికి ఒప్పుకుంది. బస్సెక్కించేటప్పుడు కూడా ఏడవలేదు. పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటుంటే "ఎంత దూరమని ఏడుస్తావమ్మా, రెండు రోజులేగా" అని ఆవిడనే ఓదార్చింది. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను "గొడుగు" అని అరిచాను. ఇంకేమీ తోచలేదు నాకు.

ఉత్తరాలు వచ్చేవి. నేను చదివి వినిపించేదాన్ని. అక్కడి బజారులో మన మామిడిపళ్ళు కనిపించాయని అక్క రాస్తే అమ్మకి పొంగిపోయినంత పనయింది. "ఎవరు ఏరారో, ఎన్నాళ్ళ కాయ ఏరారో అడగవే" అంది. నేను రాశాను. దానికి జవాబు రాలేదు. తరవాతి ఉత్తరాలు పొట్టిగా ఉండేవి. పని ఎక్కువగా ఉందనీ, బాగానే ఉన్నాననీ, నువ్వు బాగా చదువుకో అనీ.

రెండో మామిడికాలం వచ్చేసరికి అమ్మ మంచం పట్టింది. కడుపులో గడ్డ అన్నారు. బెజవాడ పెద్దాసుపత్రిలో నెల రోజులు ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అక్కకి టెలిగ్రాం ఇచ్చాం. ఇంటి యజమానురాలికి చంటిపిల్ల ఉంది, ఇప్పుడు పంపడం కుదరదంటోంది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను అని అక్క ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నేను అమ్మకి చదవలేదు. చదివినట్టు నటించి, "బయల్దేరుతోందట అమ్మా" అన్నాను.

"ఎప్పుడు?"

"రేపు."

అమ్మ లేచి కూర్చోబోయింది, వల్లకాలేదు. "అయితే తోటకెళ్ళి దానికి చిన్నరసాలు పట్రావే. రెండు రోజుల కాయ అని చెప్పు, వాళ్ళే ఇస్తారు" అంది. తెచ్చాను. ఒక్కొక్కటీ చేతిలో పెట్టమంది. పడుకునే బొటనవేలు ఆనించి, ముక్కుకి తాకించి, నాలుగు తీసి పక్కన పెట్టి మిగతావి మంచం కింద గడ్డిలో మగ్గపెట్టమంది. మూడోనాటికి పాకంతా పండు వాసన. అక్క రాలేదు. "రైలు తప్పిపోయిందేమో" అంది అమ్మ. ఆ పళ్ళు ఇరుగుపొరుగు పిల్లలకి పంచిపెట్టించింది. మళ్ళీ తెమ్మంది. ఈసారి మూడు రోజుల కాయ. అవీ పండాయి. అవీ పంచాం. మూడోసారి అయిదు రోజుల కాయ తెమ్మంది. ఢిల్లీ కాయ. అప్పటికి తోటల్లో కోత చివరికొచ్చేసింది. కాయ దొరకడమే కష్టమయింది.

ఆ కాయలు గడ్డిలో పెట్టిన మధ్యాహ్నం అమ్మ నన్ను దగ్గరకి రమ్మంది. చెయ్యి పట్టుకుంది. ఏడాదిగా తోటకి పోలేదు కదా, వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి. అవి నా తల్లి వేళ్ళలా లేవు. "చిన్నీ, నువ్వు అట్లాసులో సరిగ్గానే చూశావా?" అంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. దారం సంగతి చెప్పి, తిట్టించుకుని, ఆవిడ కడుపుకోతకి ఒక కారణం చూపించి ఉండొచ్చు. దూరం కాబట్టి రాలేదు, రాబుద్ధి కాక కాదు అని ఆవిడకి తెలిసి ఉండేది. "సరిగ్గానే చూశానమ్మా, రెండు రోజులే" అన్నాను. అమ్మ తల ఊపింది. "ఏమో మరి, కాయ ఎప్పుడూ ఇలా తప్పలేదు" అంది. కూతుర్ని ఒక్క మాట అనలేదు, నన్ననలేదు. తన చేతినే అనుమానించుకుంది. మూడు రోజులకి పోయింది. మంచం కింద కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

అక్క మరుసటి ఏడు మామిడి కాపు దిగాక వచ్చింది. అమ్మ పోయిందని నేను రాసిన ఉత్తరం దానికి అందిందట, అప్పటికే అన్నీ అయిపోయాయి కాబట్టి ఇంక తొందరేముందన్నారట ఆ ఇంటివాళ్ళు. పెట్టె దించి, పాకలో ఖాళీ మంచం మీద కూర్చుని, అది మొదట అన్న మాట ఇది. "నిజంగా మూడు గంటలేనే చిన్నీ. అన్నం పెట్టారు. తినేలోపు బొంబాయి వచ్చేసింది." ఆ తరవాత ఏడ్చింది. అన్నం తినేలోపు వచ్చేంత దగ్గర నుంచి రాలేకపోయాననే దాని ఏడుపంతా. పెట్టెలో అడుగున నా గొడుగు ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేనూ విప్పలేదు. టీచరు ట్రైనింగుకి వెళ్ళినప్పుడు హాస్టల్లో ఎవరికో ఇచ్చేశాను. అక్క మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. నా పిల్లల్ని పెంచింది. నా భర్త పోయాక మేమిద్దరమే మిగిలాం. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ కూడా దారం సంగతి దానికి చెప్పలేకపోయాను.

మొన్న చెప్పాను. వెంకటలక్ష్మికి చెబుతున్నట్టే మొదలుపెట్టి, ఆ తల్లీకూతుళ్ళ ఎదుట, వసారాలో ఉన్న అక్క వింటుండగా, ముడితో సహా చెప్పేశాను. దివ్య ఫోను ఒళ్ళో బోర్లించింది. వెంకటలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి లోపలికి వచ్చింది. నా వంక చూడలేదు. దివ్య పక్కన కూర్చుంది.

"టైము నిజమేనమ్మా. ఎక్కాక మూడు గంటలే. ఎక్కడానికి నాకు ఏడాది పట్టింది" అంది. "నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందో కనుక్కో. మీ అమ్మకి బాగోలేదని కబురొస్తే ఎన్నాళ్ళలో పంపిస్తారో నోటితో కాదు, రాయించుకో. ఆ తరవాతే దూరం సంగతి."

"ఇప్పుడలా లేదండి పెద్దమ్మగారూ, రోజూ వీడియో కాల్ చేసుకోవచ్చు" అంది దివ్య, మెల్లగానే. అక్క ఊఁ అంది. వెంకటలక్ష్మి ఆలోచించుకుంటాననేసి లేచింది. ఆ పిల్ల వెళుతుందనే నాకనిపిస్తోంది. వెళ్ళకూడదని నేను మాత్రం ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాతో చెప్పించుకోవడానికి వచ్చిన మాట చెప్పించుకోకుండానే ఇద్దరూ బస్టాండు వైపు వెళ్ళిపోయారు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. అక్కని ఎలా చూడాలో తెలియలేదు.

"ఆ దారం నాకు తెలుసే" అంది వెనక నుంచి.

తిరిగి చూశాను.

"నువ్వు అట్లాసులోనే వదిలేశావుగా, ముడితో సహా. నువ్వు స్కూలుకి పోయాక తీసి చూశాను. బెజవాడ నుంచి పెడితే ముడి సరిగ్గా కలకత్తా మీదకి వచ్చింది. పెన్సిలుతో సున్నా చుట్టావు కదా, అటు తిప్పి లాగాను. ముడి ఎక్కడో ఉండిపోయింది. అయిదో తరగతి చదివినదాన్నే అయినా ఆ మాత్రం తెలీదా?"

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"నాకూ వెళ్ళాలనుందిగా" అంది అక్క. ఎంత మామూలుగా అందంటే, ఉప్పు తక్కువైందన్నట్టు. "మొగుడొదిలేసిన దాన్ని ఈ ఊళ్ళో ఎవరూ చూడని చోటికి వెళ్ళాలనుంది. నువ్వు గొడుగుకి దాచావు. నేను దానికి దాచాను."

నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఇద్దరం ఒకే దారాన్ని చెరో కొసా పట్టుకుని దాచుకుంటూ బతికామన్నమాట. ఆ పాకలో ఉన్న ముగ్గురిలో మస్కట్ ఎంత దూరమో తెలియనిది అమ్మ ఒక్కదానికే. తెలియదు గనకనే ఏడవకుండా బస్సెక్కించింది. ఆవిడ చెయ్యి ఏనాడూ తప్పలేదు, మేం చెప్పిన లెక్కే తప్పు. ఈ మాట ఆవిడకి చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

అక్క గోనెసంచీ ముందు కూర్చుంది. ఈ రోజుల్లో బజారు కాయంతా మందు పొగలో రాత్రికి రాత్రే పసుపెక్కుతోంది, ఎన్నాళ్ళ కాయ అని అడిగేవాళ్ళే లేరు. వెంకటలక్ష్మి తెచ్చినవి మాత్రం నేరుగా చెట్టు నుంచి దింపినవి, మందు తగలనివి, గడ్డిలో మగ్గపెట్టాలి. అక్క ఒక కాయ తీసి అరచేతిలో పెట్టుకుని, ముచ్చిక దగ్గర బొటనవేలు ఆనించి, ముక్కు దగ్గరకి తీసుకెళ్ళింది. అచ్చం అమ్మలాగే. చాలాసేపు అలాగే ఉంది. తరవాత కాయ నా చేతిలో పెట్టింది.

"ఎన్ని రోజుల కాయంటావే?"

నేనూ వేలు ఆనించాను. వాసన చూశాను. పచ్చికాయ, సొన, అంతే. నాకేమీ తెలియలేదు.

"ఏమో అక్కా."

అక్క కాయ మళ్ళీ తీసుకుంది. "అమ్మనడగాలి" అంది.